మేనమామ తెలుగు, మేనకోడలి ఇంగ్లీషు

దళిత, బహుజన కులాల నుంచి వచ్చిన రచయిత ఎవరైనా ఇంగ్లీషులో పుస్తకం రాసినప్పుడల్లా తెలుగు సాహిత్య లోకంలో ఒక ప్రశ్న వినిపిస్తుంది: ‘మాతృభాషను ఎందుకు వదిలేశారు?’ పైకి ఇది భాషాభిమానుల ఆవేదనలాగే కనిపిస్తుంది. లోపల మాత్రం ఒక నేరారోపణ దాగి ఉంటుంది. సొంత మనుషుల బాధను పరాయివాళ్ల అంగట్లో పెట్టారని, కన్నతల్లి లాంటి భాషను కాదనుకున్నారని ఆ ఆరోపణ సారాంశం. కథలూ కవితలూ రాయడం ఇప్పుడిప్పుడే మొదలుపెట్టిన మొదటి తరం విద్యార్థులు ఈ మాటకు జంకుతున్నారు. తెలుగులో రాస్తే తెలుగు నేల దాటి ఎవరూ చదవరన్న బెంగ ఒకవైపు, ఇంగ్లీషులో రాస్తే వాడకు దూరమయ్యారన్న నింద మరోవైపు వాళ్లను సతమతం చేస్తున్నాయి.

నేను తెలుగులోనే రాస్తాను. అయినా ఈ ఆరోపణను అంగీకరించలేను. అది భాష గురించి వేస్తున్న ప్రశ్న కాదు. భాష మీద హక్కు ఎవరిదన్న ప్రశ్న. ఆ హక్కును ఈ సమాజం కులాన్ని బట్టి పంచిందన్నది చరిత్ర చెబుతున్న సత్యం.

ముందుగా ఈ ప్రశ్నను ఎవరిని అడగలేదో చూద్దాం. కోనసీమలోని ముంగండకు చెందిన జగన్నాథ పండితరాయలు మొగలు దర్బారులో ఉండి సంస్కృతంలో రాశారు. మెతుకు సీమకు చెందిన మల్లినాథ సూరి కాళిదాసు కావ్యాలకు సంస్కృతంలోనే వ్యాఖ్యానాలు చేశారు. తెలుగు ఇంట పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ భారతీయ తత్వశాస్త్రాన్ని ఇంగ్లీషులో రాశారు. మదనపల్లెలో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి జీవితమంతా ఇంగ్లీషులో ప్రసంగించారు. వీరెవరికీ సంస్కృతం గానీ ఇంగ్లీషు గానీ అమ్మ నేర్పిన భాష కాదు. అయినా వీరిలో ఎవరినీ మనం మాతృభాషను వదిలేసినవారు అనలేదు. తెలుగువారి కీర్తిని దేశదేశాలకు చాటినవారని పాఠ్యపుస్తకాల్లో రాసుకున్నాం. పరభాషలో రాయడం వారి విషయంలో పాండిత్యం అయింది. అదే పని వెలివాడ నుంచి వచ్చిన మనిషి చేస్తే ద్రోహం అయింది. పనిలో తేడా లేదు. తేడా ఉన్నది చేసిన మనిషి కులంలోనే.

రెండో విషయం ఇంకా ముఖ్యమైనది. ‘మాతృభాష’ అని మనం అంటున్న తెలుగు ఎవరి తల్లి మాట్లాడిన తెలుగు? గ్రాంథికాన్ని ఎదిరించి గిడుగు రామమూర్తి సాగించిన వ్యావహారిక భాషోద్యమం చిన్న విజయం కాదు. కానీ ఆ ఉద్యమం గెలిచి నిలబెట్టిన రాత భాషకు మనం పెట్టుకున్న పేరే ‘శిష్ట వ్యావహారికం’. శిష్టులెవరో ఆ పేరు చెబుతూనే ఉంది. కృష్ణా, గోదావరి డెల్టాల చదువుకున్న పైకులాల ఇళ్లలోని పలుకు ప్రమాణమైంది. తెలంగాణ పలుకు, రాయలసీమ పలుకు, ఉత్తరాంధ్ర పలుకు ‘మాండలికాలు’ అయ్యాయి. మాల, మాదిగ వాడల పలుకు ‘మొరటు మాట’ అయింది. బడికి వెళ్లిన తొలిరోజే తన ఇంటి మాట తప్పని తెలుసుకున్న పిల్లవాడికి తెలుగు వాచకం మాతృభాష ఎలా అవుతుంది? కంచ ఐలయ్య 1996లో వెలువడిన ‘వై ఐ యామ్ నాట్ ఎ హిందూ’లో చెప్పిన మాటల్లో ఇదొకటి. పాఠ్యపుస్తకంలోని తెలుగు తమ ఇంటి తెలుగు కాదని, ఆ పరాయితనానికీ ఇంగ్లీషు పుస్తకం పరాయితనానికీ పెద్ద తేడా లేదని ఆయన వాదించారు. ఆయన ఇంగ్లీషులో రాసిన ఆ పుస్తకం తెలుగులోకి వచ్చినప్పుడు పెట్టుకున్న పేరు ‘నేను హిందువు నెట్లయిత?’ బయటి భాషలో పుట్టిన పుస్తకం ఇంటికి చేరినప్పుడు శిష్ట భాషను దాటుకుని నేరుగా తెలంగాణ పలుకులోకి వచ్చిందన్నమాట. ఎవరి తెలుగు ఎవరికి మాతృభాషో ఆ ఒక్క శీర్షిక తేల్చి చెబుతుంది.

భాష లోపల కూడా కులం కాపురం చేస్తోంది. ఏదైనా బాగాలేకపోతే ‘చండాలంగా ఉంది’ అని చదువుకున్నవాళ్లు సైతం అలవోకగా అనేస్తారు. కొన్ని కులాల పేర్లు తెలుగులో తిట్లుగానే చెలామణి అవుతున్నాయి. తన పుట్టుకనే తిట్టుగా వాడుకునే భాషను తల్లిలా ప్రేమించమని ఒక మనిషిని ఆదేశించే అధికారం ఎవరికీ లేదు. ప్రేమిస్తే అది ఆ మనిషి ఔదార్యం. అంత ఔదార్యం చూపినవారిలో గుర్రం జాషువా ముందుంటారు. ఆయన తన కాలపు పండితుల ఛందస్సునే చేపట్టి, కాళిదాసు మేఘుడి స్థానంలో గబ్బిలాన్ని దూతగా నిలిపి 1941లో ‘గబ్బిలం’ వెలువరించారు. జాషువా రాసిన పద్యభాష కూడా ఆయన వీధిలో పలికే భాష కాదు. తనను లోనికి రానివ్వని గుడి శిల్పశాస్త్రాన్ని నేర్చుకుని, దానితోనే ఆ గుడిని నిలదీశారాయన. ఆ అర్థంలో దళితుడి తెలుగు రచన కూడా చాలాకాలం పరభాషా రచనే.

అంబేడ్కర్ జీవితంలో ఈ సంగతి మరింత స్పష్టంగా కనిపిస్తుంది. ఆయన మాతృభాష మరాఠీ. బడిలో సంస్కృతం చదవాలని కోరుకున్నా అంటరానివాడు కావడంతో ఆ అవకాశం దక్కలేదు. దాని బదులు పర్షియన్ తీసుకోవలసి వచ్చింది. ‘దేవభాష’ తలుపు మూసుకుంది. పాలకుల భాష తలుపు తెరుచుకుంది. కొలంబియాలో, లండన్‌లో చదువు ఇంగ్లీషులో సాగింది. అయితే ఆయన మరాఠీని వదిలిపెట్టారా? 1920లో ‘మూక్‌నాయక్’, 1927లో ‘బహిష్కృత్ భారత్’, ఆ తర్వాత ‘జనతా’ అనే పత్రికలను ఆయన మరాఠీలోనే నడిపారు. తనవాళ్లతో మాట్లాడవలసి వచ్చినప్పుడు మరాఠీ వాడారు. ప్రభుత్వంతో, సవర్ణ సంస్కర్తలతో, ప్రపంచంతో తలపడవలసి వచ్చినప్పుడు ఇంగ్లీషు వాడారు. తన అనుభవాలను చెప్పిన ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’ను అంటరానితనం అంటే ఏమిటో విదేశీయులకు తెలియజేయడానికి రాశారు కనుక అది ఇంగ్లీషులో ఉంది. భాషను ఆయన గుర్తింపు చీటీగా చూడలేదు. ఎవరితో మాట్లాడుతున్నామన్నదాన్ని బట్టి ఎంచుకునే పనిముట్టుగా చూశారు.

1936లో లాహోరులోని జాత్ పాత్ తోడక్ మండల్ సభ కోసం సిద్ధం చేసిన ప్రసంగాన్ని నిర్వాహకులు మార్చమన్నారు. ఆయన మార్చనన్నారు. సభ రద్దయింది. ఆ ప్రసంగాన్నే ‘యానిహిలేషన్ ఆఫ్ కాస్ట్’ పేరుతో సొంత ఖర్చుతో 1,500 ప్రతులు అచ్చు వేయించారు. రెండు నెలల్లో అవి అయిపోయాయి. 1937 నాటి రెండో ముద్రణ ముందుమాటలో ఆయనే ఒక విషయం చెప్పారు. పుస్తకం అప్పటికే గుజరాతీ, తమిళ భాషల్లోకి వచ్చిందని, మరాఠీ, హిందీ, పంజాబీ, మలయాళ భాషల్లోకి వస్తోందని. ఆ జాబితాలో తెలుగు లేదు. మాతృభాషాభిమానం గురించి ఉపన్యాసాలు ఇచ్చే ముందు మనం ఈ లేమిని గుర్తుంచుకోవాలి. తర్వాతి కాలంలో బోయి భీమన్న ‘కుల నిర్మూలన’గా దాన్ని తెలుగు చేశారు. ఆ పనికి పూనుకున్నది కూడా ఒక దళిత కవే.

మన నేల మీద ఈ ప్రశ్నకు నిలువెత్తు ఉదాహరణ ఒకే కుటుంబంలో ఉంది. కె.జి. సత్యమూర్తి ‘శివసాగర్’ పేరుతో కవిత్వం రాశారు. కొండపల్లి సీతారామయ్యతో కలిసి పీపుల్స్‌వార్ పార్టీని నిర్మించారు. పార్టీలో కుల ప్రశ్నను లేవనెత్తి, 1980లలో ఆ పార్టీకి బయటివారయ్యారు. ఆపై దళిత ఉద్యమంతో కలిసి నడిచి 2012లో కన్నుమూశారు. ‘ఉద్యమం నెలబాలుడు’ కవి పాటను, పల్లె పదాన్ని, జానపద బాణీని తన కవిత్వానికి ప్రాణంగా చేసుకున్నారు. ఆయన చెల్లెలు మంజుల కూతురు సుజాత గిడ్ల. వరంగల్ ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాలలో చదువుకుని, అమెరికా వెళ్లి, న్యూయార్క్ సబ్‌వే రైళ్లలో కండక్టర్‌గా పనిచేస్తూ ఆమె రాసిన ‘యాంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్’ 2017లో వెలువడింది. అది మేనమామ కథ, తల్లి కథ, ఆ కుటుంబం కథ. మేనమామ తెలుగులో రాశారు. మేనకోడలు ఇంగ్లీషులో రాశారు. ఇద్దరిలో ఎవరు నమ్మకస్థులు, ఎవరు ద్రోహులు అని అడిగితే ఆ ప్రశ్న ఎంత అర్థరహితమో అప్పుడే తెలిసిపోతుంది.

శివసాగర్ పాటకు ఎదురుగా జనం ఉన్నారు. ఉద్యమం ఆ శ్రోతలను తయారుచేసి పెట్టింది. వారికి దొర అంటే ఎవరో, వాడ అంటే ఏమిటో వివరించనక్కరలేదు. సుజాత గిడ్ల ఎదుట ఉన్న పాఠకుడికి ఆ మాటలేవీ తెలియవు. తెలుగులో ‘వాడ’ అంటే చాలు, పాఠకుడు తల ఊపి ముందుకు సాగిపోతాడు. ఇంగ్లీషులో చెప్పాలంటే వాడ ఊరికి బయట ఎందుకుందో చెప్పాలి. ఆ బావి నీళ్లు ఈ మనిషి ఎందుకు ముట్టకూడదో చెప్పాలి. క్రైస్తవం పుచ్చుకున్నాక కూడా అంటరానితనం ఎందుకు పోలేదో చెప్పాలి. అలా మొదటి నుంచీ వివరించవలసి వచ్చినప్పుడు, తెలుగు పాఠకుడికి గాలి, వాన అంత సహజంగా తోచేది ఒక్కసారిగా ఘోరంగా కనిపిస్తుంది. పరభాష దళిత రచయితకు ఇచ్చే అసలు బలం ఇదే. కీర్తి, డబ్బు తర్వాతి సంగతి. కులాన్ని ‘మామూలు విషయం’గా ఉండనివ్వకపోవడం ఆ భాష చేసే పని. తంజావూరు ప్రాంతంలోని కీళవెణ్మణిలో 1968 డిసెంబరు 25న 44 మంది దళితులను సజీవ దహనం చేసిన ఘటన మీద మీనా కందసామి తన నవలను ఇంగ్లీషులో రాయడాన్ని కూడా ఇలాగే అర్థం చేసుకోవాలి. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో రోహిత్ వేముల 2016 జనవరిలో తన చివరి లేఖను ఇంగ్లీషులో రాశాడు. అది ఢిల్లీ నుంచి చెన్నై దాకా విద్యార్థులకు అనువాదం అవసరం లేకుండానే చేరింది. దేశమంతటా ఒక ఉద్యమాన్ని లేపింది.

మరో వైపు నుంచి కూడా చూడాలి. తెలుగు ఎల్లవేళలా ఇంగ్లీషు కింద నలిగిపోతున్న భాష మాత్రమే కాదు. కొందరికి అదే పై భాష. మన ముస్లిం రచయితల్లో చాలామంది ఇంట్లో మాట్లాడేది ఉర్దూ, రాసేది తెలుగు. 1998లో వచ్చిన ‘జల్‌జలా’ సంకలనంతో ముస్లింవాద కవిత్వం తెలుగు సాహిత్యాన్ని కుదిపివేసింది. తండాల నుంచి వచ్చిన కవులు, కథకులు ఇంట్లో గోర్ బోలి మాట్లాడతారు. రాసేది తెలుగులో. రమేశ్ కార్తీక్ నాయక్ ‘ఢావ్లో’ కథలకు 2024లో కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం తెలుగు విభాగంలోనే వచ్చింది. ఆయన ఇంగ్లీషులోనూ కవిత్వం రాస్తున్నారు. గోర్ బోలికి సొంత లిపి లేదు. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దానికి చోటు లేదు. జనగణనలో లంబాడీని హిందీ కింద కలిపి లెక్కిస్తున్నారు. గోండీకి ఆదిలాబాద్ జిల్లా గుంజాల గ్రామంలో దొరికిన రాతప్రతుల వల్ల ఒక సొంత లిపి వెలుగుచూసినా, ఆ భాషకూ ఎనిమిదో షెడ్యూలులో స్థానం లేదు.

లంబాడీ యువకుడు తెలుగులో కథ రాస్తే ‘తెలుగు సాహిత్యం సుసంపన్నమైంది’ అని సంతోషిస్తాం. ‘నీ తల్లి భాషను ఎందుకు వదిలేశావు?’ అని ఒక్కరూ అడగరు. మాదిగ యువతి ఇంగ్లీషులో కథ రాస్తే ‘తెలుగుకు అన్యాయం జరిగింది’ అంటాం. వచ్చేటప్పుడు దానం, పోయేటప్పుడు ద్రోహం. ఈ రెండు కొలతల్ని పక్కపక్కన పెట్టి చూస్తే మన భాషాభిమానం భాషల మీద ప్రేమ కాదని, మన ఆస్తి మీద మమకారమని తెలిసిపోతుంది. ఏ గిడుగు పుట్టినరోజైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నామో, ఆ గిడుగు పర్లాకిమిడి ప్రాంతంలో సవర పిల్లలకు సవర భాషలోనే చదువు చెప్పించడానికి సొంత డబ్బు వెచ్చించారు. సవర భాషకు వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. ఉత్సవ వేదికల మీద ఆయన్ను తెలుగు తల్లి ముద్దుబిడ్డగా తలుచుకుంటాం. సవరల మాట మాత్రం ఎత్తం.

దీనికి ఎదురుగా వినిపించే బలమైన వాదన ఒకటుంది. కెన్యా రచయిత న్గూగీ వా థియాంగో ఇంగ్లీషులో పేరు ప్రఖ్యాతులు పొందాక దాన్ని వదిలి తన గికుయు భాషలో రాయడం మొదలుపెట్టారు. వలస పాలకుల భాష మనసును కూడా వలసగా మారుస్తుందని ఆయన చెప్పారు. 1977లో ఆయన్ను ప్రభుత్వం జైల్లో పెట్టింది ఇంగ్లీషు నవలలకు కాదు, గ్రామీణులతో కలిసి గికుయులో ఆడించిన నాటకానికి. ఈ చరిత్రను తేలిగ్గా కొట్టిపారేయలేం. పాలకులు జనభాషకే ఎక్కువ భయపడతారన్నది నిజం. శివసాగర్ పాటల చరిత్ర కూడా అదే చెబుతుంది. అయితే న్గూగీకీ మనకూ మధ్య ఒక తేడా ఉంది. గికుయు ఆయన్ను అంటరానివాడిగా చూడలేదు. ఆయన తిరిగి వెళ్లడానికి ఒక ఇల్లు ఉంది. ఊరి బయట పుట్టినవాడిని ‘ఊరికి తిరిగి రా’ అంటే ఎక్కడికి రావాలి? ముందు ఊరు మారాలి.

అలాగని ఇంగ్లీషును విముక్తి దేవతగా కొలవడమూ నాకు సమ్మతం కాదు. పరభాషలో రాసిన పుస్తకానికి ఒక మూల్యం ఉంది. దాన్ని రచయిత ఒక్కరే కాదు, వాడ కూడా చెల్లిస్తుంది. ఎవరి జీవితం ఆ పుస్తకంలో ఉందో వాళ్లలో చాలామంది దాన్ని చదవలేరు. ఆ పుస్తకంతో తగాదా పడలేరు, సరిదిద్దలేరు, గర్వపడలేరు. సుజాత గిడ్ల తన తల్లినీ మేనమామనూ అడిగి, వారి మాటలను రికార్డు చేసుకుని పుస్తకం రాశారు. అంటే తెలుగులో విన్న కథ ఇంగ్లీషు కథయింది. విన్న భాషలోకి అది మళ్లీ ప్రవహించాలి. లేకపోతే ముడిసరుకు వాడది, తయారైన సరుకు పట్నానిది అన్న పాత పద్ధతే సాహిత్యంలోనూ కొనసాగుతుంది.

ఇంకొక ప్రమాదం మన కళ్లెదుటే ఉంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019 నవంబరులో ప్రభుత్వ బడులను ఇంగ్లీషు మాధ్యమంలోకి మారుస్తూ ఉత్తర్వు ఇచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టివేసింది. తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022-23 నుంచి ఇంగ్లీషు మాధ్యమం మొదలైంది. తమ పిల్లలను కాన్వెంటులకు పంపుతూ పేదల పిల్లలకు మాత్రం తెలుగు మాధ్యమమే మేలని చెప్పిన పెద్దలతో నాకు పేచీ ఉంది. ఇంగ్లీషు చదువు దళిత బహుజనుల హక్కు. కానీ ఆ హక్కు పేరిట తగిన ఉపాధ్యాయులు, పుస్తకాలు, గ్రంథాలయాలు లేకుండా బడి బోర్డు మీద మాధ్యమం పేరు మార్చి చేతులు దులుపుకుంటే, ఇంగ్లీషులో రాయలేని, తెలుగులో చదవలేని తరం ఒకటి తయారవుతుంది. అప్పుడు ఏ భాషలో రాయాలన్న ప్రశ్నే మిగలదు. అంబేడ్కర్ పత్రికలు మరాఠీలో, గ్రంథాలు ఇంగ్లీషులో నడపగలిగారంటే రెండు భాషలూ ఆయన చేతిలో పదునుగా ఉండబట్టే. మన పిల్లలకు కావలసింది ఒకదాని బదులు మరొకటి కాదు. రెండూ కావాలి, రెండూ గట్టిగా కావాలి.

కాబట్టి రచయితను నిలదీయడం మాని, సంస్థలను నిలదీయడం నేర్చుకుందాం. తెలుగువారు ఇంగ్లీషులో రాసిన దళిత, బహుజన రచనలను వెంటనే తెలుగులోకి తెచ్చే బాధ్యత అకాడమీలకు, తెలుగు విశ్వవిద్యాలయాలకు లేదా? వికారాబాద్ ప్రాంతపు మాదిగ పలుకుతో గోగు శ్యామల రాసిన కథలు 2012లో ఇంగ్లీషు పుస్తకంగా వచ్చి దేశమంతా చదివింది. అలాంటి ప్రయాణాలు ఎందుకు అరుదుగా జరుగుతున్నాయి? నాగపూర్‌లో యోగేశ్ మైత్రేయ 2016లో ‘పాంథర్స్ పా’ అనే చిన్న ప్రచురణ సంస్థను స్థాపించి మరాఠీ దళిత సాహిత్యాన్ని ఇంగ్లీషులోకి తెస్తున్నారు. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఇన్ని తెలుగు శాఖలు, ఇంగ్లీషు శాఖలు ఒకే ప్రాంగణంలో పక్కపక్క భవనాల్లో ఉండి కూడా ఆ పని ఎందుకు చేయలేకపోతున్నాయి? గోర్ బోలిలో, గోండీలో, కోయలో, సవరలో రాయాలనుకునే యువతకు తెలుగు లిపిలో అచ్చు వేసుకునే అవకాశాన్నైనా ఎందుకు కల్పించం? అనువాదకుడికి సరైన పారితోషికం ఇవ్వకుండా, అనువాదాన్ని రెండో తరగతి పనిగా చూస్తూ భాషాభిమానం గురించి మాట్లాడటం వంచన.

రాయాలనుకుంటున్న విద్యార్థులకు నేను చెప్పగలిగేది ఒక్కటే. ఎవరితో మాట్లాడాలనుకుంటున్నారో ముందు తేల్చుకోండి. అమ్మతో, వాడతో, తోటి కూలీతో మాట్లాడాలనుకుంటే వాళ్లు పలికే తెలుగులో, వాళ్ల గోర్ బోలిలో, వాళ్ల ఉర్దూలో రాయండి. దాన్ని ‘శిష్టం’ చేయమని ఎవరైనా దిద్దబోతే దిద్దనివ్వకండి. ఢిల్లీతో, న్యూయార్క్‌తో, న్యాయస్థానంతో మాట్లాడాలనుకుంటే ఇంగ్లీషులో రాయండి. అందుకు ఎవరి అనుమతీ అక్కరలేదు, ఎవరికీ సంజాయిషీ ఇవ్వనక్కరలేదు. ఒక చేత్తో ఒకటి, మరో చేత్తో ఇంకొకటి రాయగలిగితే అంతకన్నా కావలసింది లేదు. మీ పూర్వీకులకు ఏ భాషలోనూ అక్షరం దక్కనివ్వలేదు. ఇవాళ మీరు ఏ భాషలో అక్షరం రాసినా అది తిరిగి రాబట్టుకున్న ఆస్తే. దానికి లెక్కలు అడిగే నైతిక హక్కు, దాన్ని తరతరాలుగా దాచిపెట్టుకున్నవారికి లేదు.